గజాన్ ఖాన్ సంస్కరణలు: నిజంగా జరిగాయా, మంత్రిగారి కలం మహిమా?

చరిత్రపిచ్చోడు

మంగోలులంటే మనవాళ్ల మాటలు చెంగిజ్ ఖాన్‌తో మొదలై కుబ్లాయ్ ఖాన్ దగ్గర ఆగిపోతాయి. ఇరాన్‌ని ఏలిన శాఖను పెద్దగా ఎవరూ పట్టించుకోరు. అందుకే ఈ టాపిక్.

చెంగిజ్ మనవడు హులాగు 1258లో బాగ్దాద్‌ని ధ్వంసం చేసి, ఖలీఫాను చంపించి, ఇరాన్, ఇరాక్ ప్రాంతాల్లో ఒక రాజ్యం నిలబెట్టాడు. ఆ వంశాన్నే ఇల్‌ఖాన్లు అంటారు. హులాగు కొడుకు అబాకా, అతని కొడుకు అర్ఘూన్, అతని కొడుకు గజాన్. 1295లో గద్దెనెక్కి 1304లో, ముప్ఫై రెండేళ్ల వయసులోనే పోయాడు. ఈ తొమ్మిదేళ్లలో పన్నులు మార్చాడు, నాణేలు మార్చాడు, తూనికలు, కొలతలు, తపాలా, సైన్యం జీతాలు, ఆఖరికి క్యాలెండర్ కూడా మార్చాడు అంటారు. మధ్యలో సిరియా మీద యుద్ధాలు వేరే.

నా అనుమానం ఇది. ఇందులో ముప్పాతిక భాగం మనకు ఒకే ఒక్క మనిషి వల్ల తెలుసు. ఆయన రషీదుద్దీన్ హమదానీ. వైద్యుడు, తర్వాత గజాన్‌కే వజీరు. ఆయన రాసిన మంగోలుల చరిత్రే దానికి ఆధారం, అది రాయమన్నది గజానే. పైగా సంస్కరణలు అమలు చేసిన జట్టులో రషీద్ కూడా ఉన్నాడు. అంటే తను చేసిన పని గురించి తనే, తన రాజుగారి ఖర్చుతో రాసుకున్నాడు. ఆస్థానంలో కూర్చుని రాసిన విజయయాత్రలను ఉన్నవి ఉన్నట్టు నమ్మేస్తే ఏమవుతుందో మనకు తెలియంది కాదు కదా. మీరేమంటారు?

లెక్కలమాస్టారు

బాబూ, అనుమానం మంచిదే. అయితే సంస్కరణల కంటే ముందు పరిస్థితి ఏమిటో చూడు. అక్కడ రషీద్ రాసింది మెచ్చుకోలు కాదు, తిట్టు. గజాన్ తండ్రి, తాతల పాలననే ఉతికి ఆరేశాడు.

అప్పట్లో ఖజానాలో డబ్బు ఉండేది కాదు. ఎవరికి ఏం బాకీ ఉన్నా 'బరాత్' అనే చీటీ రాసి ఇచ్చేవారు. ఫలానా జిల్లాకు వెళ్లి వసూలు చేసుకో అని. ఒకే ఊరి మీద పదిమందికి చీటీలు. ఏడాదికి ఒకసారి వసూలు చేయాల్సిన కుబ్చూర్ పన్నును కొన్నిచోట్ల ఇరవై, ముప్ఫై సార్లు పిండేవారని ఆయన లెక్క. దాంట్లో కూడా ఖజానాకు చేరేది అంతంతే, మిగతాది గవర్నర్లు, వసూలుదార్లు మింగేవారు.

యజ్ద్ దగ్గర ఫిరూజాబాద్ అనే పెద్ద ఊరి సంగతి రాశాడు చూడు. భూస్వామి తన శిస్తు కోసం ఊరికి వెళ్తే మూడు రోజులు గాలించినా ఒక్క ఊరిపెద్ద కనబడలేదు. ఊరంతా పరార్. చీటీలు పట్టుకుని పదిహేడుమంది వసూలుదార్లు మాత్రం ఊరి మధ్య కూర్చున్నారు. ఒక కావలివాడిని, ఇద్దరు రైతులను పొలాల్లో పట్టుకొచ్చి, తాళ్లతో వేలాడదీసి కొడుతున్నారు, మిగతావాళ్లు ఎక్కడ దాక్కున్నారో చెప్పమని. పొగడ్త కోసం రాసేవాడు ఊరి పేరుతో సహా ఇలా రాయడు.

గజాన్ చేసింది ఏమిటంటే చీటీలు రద్దు. ఊరూరికీ పన్ను ఇంత అని రిజిస్టర్ రాయించి, ఆ లెక్కను చెక్క మీదో రాయి మీదో రాసి అందరికీ కనబడేలా పెట్టమన్నాడు. ఏడాదికి ఇన్ని వాయిదాల్లో, ఈ తేదీల్లో కట్టాలి, అంతకుమించి ఎవరడిగినా ఇవ్వనక్కర్లేదు అని. రెవెన్యూ ఆఫీసులో జీవితం గడిపినవాడిగా చెప్తున్నా, పన్ను ఎంతో రైతుకు ముందే తెలియడం కంటే పెద్ద సంస్కరణ లేదు.

చరిత్రపిచ్చోడు

మాస్టారూ, ముందున్న రోజులను ఎంత చీకటిగా చూపిస్తే తర్వాత వెలుగు అంత గొప్పగా కనిపిస్తుంది. ఫిరూజాబాద్ కథ నిజమే అనుకుందాం. పాత రాజులను తిట్టడం కొత్త రాజును పొగడటంలో భాగమే కదా!

ఓరుగల్లు_పిల్ల

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. అల్లావుద్దీన్ ఖిల్జీ కాలంలో ఢిల్లీ మీదికి వచ్చిన మంగోలులు వీళ్లేనా? కాలం చూస్తే సరిగ్గా అదే.

పాతనాణెం

కాదమ్మా. ఢిల్లీ మీదికి వచ్చినవాళ్లు మధ్య ఆసియాలోని చగతాయ్ శాఖవాళ్లు. గజాన్‌కి కూడా వాళ్లు శత్రువులే. అతను సిరియాలో ఉన్నప్పుడు తూర్పు వైపు నుంచి ఇరాన్ మీద పడేవారు. మంగోలులంతా ఒకటే అనుకుంటాం కానీ 1260ల నుంచే వీళ్లలో వీళ్లకు పడేది కాదు. ఉత్తరాన రష్యా వైపు ఉన్న గోల్డెన్ హోర్డ్‌తో ఇల్‌ఖాన్లకు యుద్ధాలు, తూర్పున చగతాయ్‌లతో యుద్ధాలు, పడమర ఈజిప్టును ఏలే మమ్లూకులతో యుద్ధాలు. చైనాలో ఉన్న కుబ్లాయ్ వంశంతో మాత్రమే స్నేహం.

మీ ఊరికి సంబంధం మాత్రం ఉంది. 1303లో తరఘాయ్ అనే చగతాయ్ సేనాని ఢిల్లీని ముట్టడించాడు. అప్పుడు ఢిల్లీ సైన్యంలో పెద్ద భాగం ఓరుగల్లు మీదికి దండయాత్రకు వెళ్లి, దెబ్బతిని తిరిగొస్తోంది. ఖిల్జీ చిత్తోడ్ నుంచి అప్పుడే వచ్చాడు. ఢిల్లీ అంత బలహీనంగా దొరకడంలో కాకతీయుల చేయి ఉందన్నమాట, వాళ్లకు తెలియకుండానే.

ఓరుగల్లు_పిల్ల

ఈ ముక్క మాకు స్కూల్లో ఎవరూ చెప్పలేదు సార్! థాంక్స్.

పాతనాణెం

ఇక అసలు విషయానికి వస్తా. రషీద్ మాట నమ్మకపోతే పోనీండి, గజాన్ నాణేలు ఇప్పటికీ ఉన్నాయి. అవి మంత్రి రాసినవి కావు.

గజాన్‌కి ముందు ఇల్‌ఖాన్ల వెండి నాణేలు టంకశాలకో తూకం. అతని కాలం నుంచి దిర్హం 2.15 గ్రాములకు కుదురుకుంది, ఆరు దిర్హంలు ఒక దీనార్. ఏ ఊళ్లో ముద్రించినా తూకం దాదాపు అంతే. రాజధాని తబ్రీజ్ తూకమే దేశమంతా చెల్లాలని రషీద్ చెప్పిన ఉత్తర్వుకు ఇది సరిపోతుంది. పన్ను కట్టేవాడికి ఇది చిన్న విషయం కాదు. తక్కువ వెండి ఉన్న నాణెం అని వసూలుదారు తరుగు పేరుతో అదనంగా లాగే దారి మూసుకుపోయింది.

ఇంకో సంగతి. పాత నాణేల మీద మంగోలు లిపిలో 'ఖాగాన్ పేరిట ఫలానావాడు ముద్రించినది' అని ఉండేది. ఖాగాన్ అంటే చైనాలో కూర్చున్న పెద్ద చక్రవర్తి. గజాన్ దాన్ని తీసేసి 'ఆకాశం బలంతో గజాన్ ముద్రించినది' అని వేయించాడు. అదే నాణెం మీద అరబిక్‌లో కలిమా, అంటే ముస్లింల విశ్వాస వాక్యం. మూడో లిపి ఫగ్స్-పా, చైనాలో కుబ్లాయ్ తయారుచేయించినది. ముస్లిం రాజు, మంగోలు ఖాన్, ఎవరికీ లోబడనివాడు. మూడూ ఒకే వెండి బిళ్ళ మీద చెప్పేశాడు.

దుబాయ్_శీను

నాణేల మాట వచ్చింది కాబట్టి గజాన్ బాబాయ్ గైఖాతు కాగితం డబ్బు కథ ఎవరో ఒకరు చెప్పాలి. నేనే చెప్తా.

గైఖాతు (1291–95) చేతికి ఎముక లేదు. తాగుడు, విందులు, దానాలు. ఖజానా ఊడ్చిపెట్టుకుపోయింది. పైగా పశువులకు తెగులొచ్చి మందలు పోయాయి. అప్పుడు ఆర్థికమంత్రి సద్రుద్దీన్ జంజానీ సలహా: చైనాలో కుబ్లాయ్ కాగితం నోట్లు చలామణి చేస్తున్నాడు, మనమూ చేద్దాం. చైనా నుంచి వచ్చిన రాయబారి బోలాద్‌ని అడిగి పద్ధతి తెలుసుకున్నారు. 1294లో తబ్రీజ్‌లో 'చావ్' పేరుతో నోట్లు వేశారు. చైనా పేరే ఉంచేశారు. నోటు మీద చైనా అక్షరాలు, పక్కనే కలిమా. తీసుకోనంటే మరణశిక్ష.

తబ్రీజ్ అంటే అప్పటికి పశ్చిమాసియాలో పెద్ద బజార్లలో ఒకటి. దుకాణాలన్నీ మూతపడ్డాయి. ఉన్న సరుకు దాచేశారు, తిండి దొరకలేదు, జనం ఊరొదిలి పోవడం మొదలుపెట్టారు. రెండు నెలల్లో నోట్లు వెనక్కి. నోట్ల రద్దప్పుడు ఏటీఎం క్యూలో నిలబడ్డవాళ్లకు ఆ టెన్షన్ కొంచెం అర్థమవుతుంది. అయితే మనకు పాత నోటు తీసుకుని కొత్త నోటిచ్చారు, వాళ్లకు వెండి తీసుకుని కాగితమిచ్చారు.

తూర్పున ఖొరాసాన్ ప్రాంతంలో గవర్నర్‌గా ఉన్న గజాన్ ఈ నోట్లను తన ప్రాంతంలోకి రానివ్వలేదని అంటారు. ఇక్కడి తేమకు కాగితం నిలవదని సాకు చెప్పి తగలబెట్టించాడట.

చరిత్రపిచ్చోడు

ఆ 'అట' ఎవరు చెప్పారు? మళ్లీ రషీదేగా :)

దుబాయ్_శీను

సరే బాస్, నువ్వు గెలిచావ్. కానీ కథ బాగుంది కదా.

సుగుణ_టీచర్

మతం సంగతి ఎవరూ ఎత్తలేదు. గజాన్‌ని పెంచింది బౌద్ధుడిగా. ఖొరాసాన్‌లో గవర్నర్‌గా ఉండగా బౌద్ధ ఆలయాలు కట్టించాడు కూడా. 1295లో బంధువు బైదు గద్దె లాక్కున్నప్పుడు, నౌరూజ్ అనే అమీర్ (సేనాపతి) సలహా మీద ఇస్లాం తీసుకుని మహమూద్ అని పేరు పెట్టుకున్నాడు. ఆ ఏడాది జూన్‌లో మతం మారాడు, శరదృతువుకల్లా బైదు హతం, గజాన్ తబ్రీజ్‌లో. అప్పటికే మంగోలు సైన్యంలో చాలామంది ముస్లింలయ్యారు కాబట్టి లెక్క కుదిరింది.

గద్దెనెక్కగానే బౌద్ధ ఆలయాలు, చర్చిలు, యూదుల ప్రార్థనా మందిరాలు కూలగొట్టమని ఉత్తర్వు. క్రైస్తవుల మీద వేటు కొన్నాళ్లకు తగ్గింది. బౌద్ధం మాత్రం ఇరాన్‌లో మళ్లీ లేవలేదు. నౌరూజ్ ఏమయ్యాడో తెలుసా? మమ్లూకులతో చేతులు కలిపాడని నింద వేసి 1297లో చంపించాడు. హెరాత్‌లో ఆశ్రయమిచ్చినవాడే పట్టి అప్పగించాడు. ఆ తర్వాతి సంవత్సరం శీను గారు చెప్పిన నోట్ల మంత్రి సద్రుద్దీన్ తల కూడా తెగింది. ఆ ఏళ్లలో పలువురు రాకుమారులు, అమీర్లు పోయారు. సంస్కర్త అనగానే మనం చల్లటి మనిషిని ఊహించుకుంటాం, ఇతను అలాంటివాడు కాదు.

మతం మారినా మనిషి మంగోలే. తండ్రి చనిపోయాక ఆయన భార్యల్లో ఒకరిని చేసుకోవడం వాళ్ల ఆచారం. షరియత్‌లో అది నిషిద్ధం. గజాన్‌కి తండ్రి భార్య బులుఘాన్ ఖాతూన్ కావాలి. ఒక పండితుడు దారి చూపించాడని మమ్లూకు రచయితలు రాశారు: మీ నాన్న ముస్లిం కాదు కాబట్టి ఆ పెళ్లి పెళ్లే కాదు, మీరు చేసుకోవచ్చు అని. డమాస్కస్ పండితుడు ఇబ్న్ తైమియా ఇందుకే వీళ్ల ఇస్లాంను ఒప్పుకోలేదు. పేరుకు ముస్లింలు, నడిచేది చెంగిజ్ శాసనం ప్రకారం, కాబట్టి వీళ్లతో యుద్ధం ధర్మమే అని ఫత్వాలిచ్చాడు.

ఇంకోవైపు, అదే గజాన్ మొదలుపెట్టించిన రషీద్ చరిత్రలో బుద్ధుడి జీవితం ఒక భాగం. కమలశ్రీ అనే కాశ్మీరీ భిక్షువు దగ్గర అడిగి రాసుకున్నది.

పాతనాణెం

సిరియా గురించి నాలుగు ముక్కలు. 1299 డిసెంబర్‌లో హోమ్స్ దగ్గర మమ్లూకుల మీద గజాన్ గెలిచాడు. డమాస్కస్ చేతికొచ్చింది, కోట మాత్రం లొంగలేదు. ప్రజలకు అభయమిస్తూ పెద్ద మసీదులో ప్రకటన చదివించాడు, శివారు సాలిహియాను మాత్రం సైన్యం దోచేసింది. 1300 ఫిబ్రవరికల్లా గజాన్ వెనక్కి. యూరప్‌లో మాత్రం జెరూసలేం క్రైస్తవులకు దక్కిందని పుకారు! తర్వాత పోప్ బోనిఫేస్ 8కి గజాన్ రాసిన 1302 నాటి ఉత్తరం ఇప్పటికీ వాటికన్‌లో ఉంది. 1303 ఏప్రిల్‌లో డమాస్కస్ దగ్గర మర్జ్ అల్-సఫ్ఫర్‌లో మంగోలు సైన్యం చిత్తుగా ఓడింది. ఆ తర్వాత ఏడాదే గజాన్ పోయాడు. యుద్ధాల లెక్కలో అతను మిగిల్చింది ఏమీ లేదు.

చీరాల_నేత

మా వైపు సంబంధం ఒకటి చెప్తా. పాత ఓడరేవు మోటుపల్లి మాకు దగ్గరే.

గజాన్ తండ్రి అర్ఘూన్ భార్య పెద్ద బులుఘాన్ ఖాతూన్ (టీచర్ గారు చెప్పినావిడ కాదు, అదే పేరున్న ఇంకో భార్య) 1286లో చనిపోతూ, తన స్థానంలోకి తన తెగ పిల్లే రావాలని కోరిందట. అర్ఘూన్ చైనాలోని కుబ్లాయ్ దగ్గరికి ముగ్గురు దూతలను పంపాడు. కుబ్లాయ్ పదిహేడేళ్ల కోకాచిన్‌ని ఎంపిక చేశాడు. ఆమెను సముద్రం మీద తీసుకొచ్చిన బృందంలోనే మార్కో పోలో, అతని తండ్రి, బాబాయ్ ఉన్నారు. పద్నాలుగు ఓడలు. సుమత్రాలో నెలల తరబడి ఆగి, మన తీరం వైపుగా వచ్చి, 1293 ప్రాంతంలో ఇరాన్ చేరారు. అప్పటికి పెళ్లికొడుకు అర్ఘూన్ పోయి రెండేళ్లు. గైఖాతు ఆ పిల్లను అర్ఘూన్ కొడుకు గజాన్‌కిమ్మన్నాడు. కోకాచిన్ 1296లోనే చనిపోయింది.

ఈ ప్రయాణాల వల్లే మార్కో పోలో పుస్తకంలోకి 'ముత్ఫిలి' వచ్చింది. అదే మోటుపల్లి. వజ్రాలు, సాలెగూడులా పలచని బట్టలు, భర్త పోయాక నలభై ఏళ్లుగా న్యాయంగా ఏలుతున్న రాణి అని రాశాడు.

ఓరుగల్లు_పిల్ల

రుద్రమదేవి! కానీ ఆమె గణపతిదేవుడి కూతురు కదా, భార్య కాదు.

సుగుణ_టీచర్

అవును. పైగా చందుపట్ల శాసనం ప్రకారం 1289 నవంబర్‌కే రుద్రమ శివలోకం చేరింది. పోలో ఓడలు బయల్దేరింది ఆ తర్వాత. కాబట్టి ఆయన మోటుపల్లిలో దిగి ఉన్నా, దిగకపోయినా, రాసింది ఓడరేవుల్లో వర్తకులు చెప్పుకునే మాటే. ఆమె పేరు ఆమె పోయాక కూడా సముద్రం మీద తిరుగుతోందన్నమాట. బట్టల గురించి మాత్రం చీరాలవాళ్ల మాటే ఫైనల్.

చరిత్రపిచ్చోడు

ఇక్కడ నాకు కావలసిన పాయింట్ దొరికింది. పెళ్లికూతురి ప్రయాణం పోలో ఒక్కడే చెప్పి ఉంటే గొప్పలు అనుకునేవాళ్లం. చైనా రికార్డులో 1290 నాటి ఉత్తర్వు బయటపడింది. అందులో ఆ ముగ్గురు దూతల పేర్లున్నాయి, పోలో పేరు లేదు. రషీద్ కూడా దూతలు వచ్చిన సంగతి రాశాడు, పోలో ఊసు లేదు. ఎవరికి వారు రాసుకున్న మూడు చోట్ల కలిసింది కాబట్టి నమ్ముతున్నాం. పన్ను సంస్కరణలకు అలాంటి రెండో సాక్షి ఎవరు?

లెక్కలమాస్టారు

ఉన్నాడు. హమ్దుల్లా ముస్తౌఫీ. 1340లో భూగోళం, ఆదాయాల మీద పుస్తకం రాశాడు. గజాన్ వచ్చేనాటికి ప్రభుత్వ ఆదాయం 1,700 తుమాన్లు, సంస్కరణల తర్వాత 2,100 తుమాన్లు. తుమాన్ అంటే పదివేల దీనార్లు. అంటే కోటీ 70 లక్షల నుంచి రెండు కోట్ల 10 లక్షలు. రైతును పిండటం తగ్గించి కూడా ఆదాయం పెరిగిందంటే మధ్యలో తినేవాళ్లు తగ్గారనే కదా.

చరిత్రపిచ్చోడు

ముస్తౌఫీకి కజ్విన్ రెవెన్యూ ఉద్యోగం ఇచ్చింది ఎవరు మాస్టారూ? రషీదే. అదే ఆఫీసు, అవే లెక్కల పుస్తకాలు. పోనీ అంకె నిజమే అనుకుందాం. ఖజానా నిండిందని తెలుస్తుంది, రైతు ఇంట్లో ఏముందో తెలియదు. అదే ముస్తౌఫీ, మంగోలులకు ముందు ఏలిన సెల్జూకుల కాలంలో ఈ దేశాల ఆదాయం దీనికి ఎన్నో రెట్లు ఉండేదని కూడా రాశాడు.

1303లో సైనికులకు భూములు పంచిన ఉత్తర్వు కూడా చూడండి. ముప్ఫై ఏళ్ల లోపు ఊరొదిలి పోయిన రైతులను వెతికి పట్టుకుని తిరిగి ఆ భూమికే తేవాలి అని అందులోనే ఉంది. అది రైతు మేలు కోసమా?

పాతనాణెం

నా ఉద్దేశంలో రషీద్‌ని నమ్మడానికి గట్టి కారణం ఆయన గజాన్ నోట పెట్టిన ఒక ప్రసంగమే. మంగోలు అమీర్లను పిలిచి గజాన్ అన్నదాని సారం ఇది: నేను ఈ తాజిక్ (ఇరానీ) రైతుల పక్షం కాదు. వీళ్లను దోచుకోవడమే మేలు అనుకుంటే ఆ పని నాకంటే బాగా చేయగలవాడు లేడు, రండి కలిసే దోచుకుందాం. కానీ వాళ్ల ఎద్దులు, విత్తనాలు లాక్కుని, పంట తొక్కించాక రేపు తిండికి నా దగ్గరికొస్తే మీ తోలు తీస్తా.

రాజును ధర్మప్రభువుగా చూపించాలనుకునే మంత్రి ఇంత పచ్చిగా రాయించడు. దయ లేదు, లెక్క ఉంది. బీడు భూమి సాగులోకి తెస్తే మొదటి ఏడాది పన్ను మాఫీ, తర్వాత కొద్దికొద్దిగా వేయడం, రాజదూతల పేరుతో ఊళ్లమీద పడి గుర్రాలు లాక్కునేవాళ్లను ఆపి ముద్ర ఉన్నవాళ్లకే తపాలా గుర్రాలు, అన్నీ ఈ లెక్కలోంచే వచ్చాయి.

లెక్కలమాస్టారు

ధర్మం కూడా కొంత ఉంది నాయనా. తబ్రీజ్ శివారు షాంబ్‌లో తన సమాధి చుట్టూ కట్టించిన సముదాయంలో మసీదు, రెండు మదరసాలు, ఆసుపత్రి, గ్రంథాలయం, నక్షత్రాలను పరిశీలించే వేధశాల. దాని వక్ఫ్ ఖర్చుల్లో పేద వితంతువులకు ఏటా పత్తి, చలికాలంలో పిట్టలకు గింజలు, నీళ్లకు వెళ్లి కుండ పగలగొట్టుకున్న పనిపిల్లలకు యజమాని తిట్టకుండా కొత్త కుండ. ఈ పద్దు ఎవరికి తట్టిందో గానీ నాకు నచ్చింది.

దుబాయ్_శీను

ఇంత చేసినా వంశం ఎందుకు నిలవలేదు?

సుగుణ_టీచర్

తమ్ముడు ఒల్జయితు (1304–16) దాకా బాగానే ఉంది. అతని మరణం తర్వాత విషం పెట్టాడన్న నేరం మోపి 1318లో రషీద్‌ని చంపారు. డెబ్బై దాటిన మనిషి. యూదు కుటుంబంలో పుట్టాడని చివరిదాకా దెప్పిపొడుస్తూనే ఉన్నారు. ఒల్జయితు కొడుకు అబూ సయీద్ 1335లో మగపిల్లలు లేకుండా పోయాడు. అంతే, అమీర్లు ఎవరికి వాళ్లు ఒక బొమ్మ ఖాన్‌ను పెట్టుకుని కొట్టుకున్నారు. రషీద్ కొడుకు గియాసుద్దీన్ కూడా వజీరుగా ఉండి ఆ గొడవల్లోనే 1336లో పోయాడు. వ్యవస్థ అంతా ఒక ఖాన్, ఒక వజీరు మీద నిలబడితే వాళ్లు పోయాక ఏముంటుంది? ఆదాయం సగానికి పడిపోయిందని ఆ ముస్తౌఫీనే వాపోయాడు.

చరిత్రపిచ్చోడు

నా మాట ఇదీ: నాణేలు నమ్ముతా, తూకాలు నమ్ముతా, ఖజానా నిండిందనీ నమ్ముతా. పన్ను లెక్క రాసిన పలకలు నిజంగా ప్రతి ఊళ్లో వెలిశాయని మాత్రం నమ్మను. ఇన్ని ఉత్తర్వులు పూర్తి పాఠంతో సహా రాశాడు కానీ ఎక్కడ అమలయ్యాయో ఫిరూజాబాద్‌లాగా ఊరి పేరుతో చెప్పలేదు.

దుబాయ్_శీను

ఒక ప్రాక్టికల్ ప్రశ్న. ఇరాన్ వెళ్తే చూడటానికి ఏమైనా మిగిలిందా? గజాన్ సమాధి?

పాతనాణెం

తబ్రీజ్‌లో గజాన్ సమాధి భూకంపాలకు, యుద్ధాలకు పోయింది, ఆ పేటకు పేరొక్కటే మిగిలింది. రషీద్ కట్టించిన రబ్-ఎ రషీదీ పేటవి పునాదులు, బురుజుల శిథిలాలు ఉన్నాయి. చూడాల్సింది సుల్తానియా. ఒల్జయితు సమాధి, దాదాపు యాభై మీటర్ల ఎత్తు ఇటుక గుమ్మటం, 2005 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. జంజాన్ దగ్గర దిగి టాక్సీ మాట్లాడుకో, బేరం మాత్రం ఎక్కే ముందే ఆడు.